కంఠీరవలో బెంగళూరు ఎఫ్‌సీ హోమ్ మ్యాచ్: ఏళ్ల తరబడి వెస్ట్ బ్లాక్‌లో నిలబడ్డాక

ఆట శుభ్రంగా కనబడటమే మీకు కావాల్సిందైతే కంఠీరవకు రావద్దు, ఇంట్లో టీవీ పెట్టుకోండి. ఈ మాట చెబుతున్నది బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఏళ్ల తరబడి వెళ్తున్నవాడు, వచ్చే సీజన్‌కి కూడా టికెట్ కొనబోయేవాడు. రెండూ ఎలా కుదురుతాయో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు స్టేడియం సంగతి. శ్రీ కంఠీరవ పుట్టుకే అథ్లెటిక్స్ స్టేడియం. 1997 జాతీయ క్రీడలు జరిగింది ఇక్కడే. మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్, దాని తర్వాత ఖాళీ జాగా, ఆ తర్వాత కంచె, అప్పుడు గానీ మన మెట్లు మొదలుకావు. ట్రాక్ వంపు తిరిగే చోట గోల్‌పోస్టులు మరీ దూరమైపోతాయి. కింది వరసల్లో కూర్చుంటే అవతలి సగంలో బంతి ఎవరి కాళ్ల దగ్గరుందో ఊహించుకోవాల్సిందే. ఆఫ్‌సైడా కాదా అన్న వాదన ఇక్కడ కూర్చుని పెట్టుకుంటే నవ్వుతారు. అవతలి వైపు గోల్ పడిందన్న సంగతి కూడా ముందు వల కదలడం బట్టి తెలుస్తుంది, తర్వాత మనవాళ్లు పరుగెత్తే దిక్కు బట్టి ఖాయమవుతుంది. చూపుకు మార్కులేయమంటే అయిదుకు రెండు, అదీ పై వరసల్లో నిలబడితే.

ఈ దూరం నాలాంటి పాతవాళ్లకు మరీ బాధ. 2013లో క్లబ్ పుట్టినప్పుడు మ్యాచ్‌లు అశోక్‌నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగేవి. చిన్నది, పాతది, సౌకర్యాల గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. కానీ ట్రాక్ లేదు. త్రో వేయడానికి ఆటగాడు గీత దగ్గరకొస్తే అతని రొప్పు వినిపించేది. డిఫెండర్లు ఒకళ్లనొకళ్లు అరుచుకోవడం అర్థమయ్యేది. ఆ మొదటి ఏడాదే, అప్పట్లో దేశంలో అగ్ర లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచేశారు. తర్వాతి సీజన్‌కి కంఠీరవకు మారాం. జట్టు పెద్దదైంది, మనం దూరమయ్యాం.

అథ్లెట్ల కోణం నుంచి చూస్తే మాత్రం కథ వేరు. ఇది వాళ్ల ఇల్లు, ఫుట్‌బాల్‌వాళ్లం అద్దెకొచ్చినవాళ్లం. మ్యాచ్‌ల వల్ల సాధన దెబ్బతింటోందని వాళ్లు కోర్టు దాకా వెళ్లారంటే తప్పు పట్టలేను. ఇంత పెద్ద నగరంలో ఫుట్‌బాల్ కోసమే కట్టిన మంచి స్టేడియం ఒకటి లేకపోవడం అసలు సమస్య. హెల్సింకి ఒలింపిక్స్‌కి ఆటగాళ్లను పంపిన ఊరు ఇది. అలసూరు దగ్గర గౌతంపురలో పెలే విగ్రహమే పెట్టుకున్నారు. అలాంటి ఊళ్లో ఇప్పటికీ లాంగ్‌జంప్ గుంత అవతల నుంచి ఫుట్‌బాల్ చూస్తున్నాం.

మరి ఎందుకు వెళ్లడం? టీవీ బంతిని చూపిస్తుంది. స్టేడియంలో బంతి లేని చోటు కనబడుతుంది. నాకు ఈ విద్య నేర్పింది మా స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ. బంతి అవతలి వింగ్‌లో ఉండగా అతన్ని ఒక్కణ్నే చూస్తూ ఉండండి. పరుగెత్తడు. చివరి డిఫెండర్ భుజం పక్కన ఊరికే నిలబడ్డట్టు ఉంటాడు. ఒకసారి వెనక్కి తిరిగి గోల్‌కీపర్ ఎక్కడున్నాడో చూసుకుంటాడు. రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఆ డిఫెండర్ ‘పోతే పోయాడులే’ అని బంతి వైపు తల తిప్పుతాడు చూడండి, సరిగ్గా అప్పుడు కదులుతాడు. క్రాస్ వచ్చేసరికి ఆ రెండడుగుల జాగా అతనిదైపోయి ఉంటుంది. 2024-25 సీజన్‌లో నలభై ఏళ్ల వయసులో 14 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లో ఇంకే భారత ఆటగాడూ అన్ని కొట్టలేదు. అవి ఎలా వచ్చాయో టీవీలో చూసినవాళ్లకు గోల్ మాత్రమే గుర్తుంటుంది, మాకు దానికి ముందు అరనిమిషం గుర్తుంటుంది. మా గోల్‌కీపర్ గురుప్రీత్ కూడా అంతే. బంతి ఆ చివర ఉంటే ఈ చివర అతను పచార్లు చేస్తూ, చేతులూపుతూ, తనకే వినబడేలా ఏదో అంటూ ఉంటాడు. మ్యాచ్ మొత్తంలో అతను ఆగిన క్షణం నేను చూడలేదు.

ఇక వెస్ట్ బ్లాక్. ‘వెస్ట్ బ్లాక్ బ్లూస్’ అనే అభిమానుల గుంపు క్లబ్‌తో పాటే పుట్టింది. ఈ బ్లాక్‌లో టికెట్ కొంటే కుర్చీ కొన్నట్టు కాదు. తొంభై నిమిషాలూ నిలబడాలి, అరవాలి, చప్పట్లు కొట్టాలి. డ్రమ్ములు ఆగవు. ముందు జెండాలు ఊగుతుంటాయి కాబట్టి అసలే అంతంత మాత్రం చూపు ఇంకాస్త తగ్గుతుంది. ఎవరైనా కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే వెనక నుంచి ఒక చెయ్యి భుజం తడుతుంది, మర్యాదగానే.

అక్కడ నేను అందరికీ చూపించేది మాత్రం కాపోని. కాపో అంటే పాటలు అందించే మనిషి. రెయిలింగ్ దగ్గర ఎత్తు మీద నిలబడి, మెగాఫోన్ పట్టుకుని, మైదానానికి వీపు పెట్టి ఉంటాడు. మా అక్క కూతుర్ని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు అది అడిగిన మొదటి ప్రశ్న, “మామా, ఆయన మ్యాచ్ చూడట్లేదేంటి? టికెట్ కొన్నాడు కదా?” అని. కొన్నాడు. చూడడు. మా మొహాలు చూస్తాడు. మేమంతా ఒక్కసారి మునివేళ్ల మీద లేస్తే దాడి మొదలైందని అతనికి తెలుస్తుంది, వెంటనే డ్రమ్ వేగం పెంచమని చెయ్యి తిప్పుతాడు. మేము తల పట్టుకుంటే పోయిందని అర్థం, పాట మారుస్తాడు. గోల్ పడితే అందరికంటే ఓ క్షణం ఆలస్యంగా వెనక్కి తిరుగుతాడు. ఆ లోపు మేమందరం అతని మీద పడిపోయి ఉంటాం కాబట్టి అప్పుడూ చూడలేడు. ఇంటికెళ్లి హైలైట్స్ చూసుకుంటాడట. మా పిల్లకు ఆ రోజు స్కోరు గుర్తులేదు గానీ “అటు తిరిగిన అంకుల్” బాగా గుర్తున్నాడు.

పాటలు కన్నడలో, ఇంగ్లిష్‌లో ఉంటాయి. కానీ గోల్ ముందు బంతి అటూ ఇటూ తగిలి ఎగురుతున్నప్పుడు పాటలు పోతాయి, ఎవరి గొంతులోంచి ఏ భాష వస్తుందో చెప్పలేం. మలయాళం, తమిళం, నేపాలీ, మధ్యలో ఎక్కడి నుంచో “కొట్టరా కొట్టు, ఏం చూస్తన్నావ్!” అని అచ్చంగా అనంతపురం గొంతు. ఆ మనిషెవరో తిరిగి చూసేసరికి దొరకడు. బూతులు కూడా ఉంటాయి, దాచడమెందుకు. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు వేరే స్టాండ్ తీసుకుంటే హాయి.

శబ్దానికి అయిదుకు అయిదు ఇస్తాను, అది ఊరికే వచ్చిన పేరు కాదు. 2016 అక్టోబరులో ఆసియా క్లబ్‌ల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్, రెండు మ్యాచ్‌ల పోరులో రెండోది. అవతల మలేసియా జట్టు జొహోర్, ముందటి ఏడాది కప్పు గెలిచినవాళ్లు. మొదటి గోల్ వాళ్లే కొట్టారు. మామూలుగా అయితే స్టేడియం చల్లబడిపోవాలి. ఆ రోజు ఎందుకో శబ్దం పెరిగింది. విరామానికి ముందు ఛెత్రీ సమం చేశాడు. రెండో సగంలో పెనాల్టీ బాక్స్ బయటి నుంచి అతను కొట్టిన రెండో గోల్ తర్వాత నా పక్కనున్న పెద్దాయన, అంతవరకూ ఒక్క మాట మాట్లాడనివాడు, నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. మా డిఫెండర్ హువానన్ మూడోది వేశాడు. 3-1. ఒక భారత క్లబ్ ఆ కప్పు ఫైనల్‌కి వెళ్లడం అదే మొదటిసారి. దోహాలో ఫైనల్ ఇరాక్ జట్టు చేతిలో 1-0తో ఓడిపోయారు. దాని సంగతి నేను పెద్దగా తలుచుకోను.

2018 మార్చి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌ని మాత్రం తలుచుకోక తప్పదు. మన జట్టుకది మొదటి ఐఎస్‌ఎల్ సీజన్, ఫైనల్ మన కంఠీరవలోనే, ఎదుట చెన్నైయిన్. తొమ్మిదో నిమిషంలోనే ఛెత్రీ డైవ్ చేసి తలతో గోల్ కొట్టాడు. ఇక కప్పు మనదే అనుకున్నాం. తర్వాత రెండు కార్నర్లు, రెండుసార్లూ చెన్నైయిన్ ఆటగాడు మెయిల్సన్ ఆల్వెస్ తలే. చివరికి 3-2తో ఓడిపోయాం. ఇప్పటికీ మన జట్టు కార్నర్ ఇచ్చిందంటే వెస్ట్ బ్లాక్ పాతకాపులకు టెన్షనే. మరుసటి ఏడాది ముంబైలో గోవా మీద రాహుల్ భేకే కూడా కార్నర్ నుంచి తలతోనే గోల్ కొట్టి కప్పు తెచ్చాడనుకోండి, అయినా మా భయం పోలేదు.

స్టేడియంలో ఉంటే ఏం జరిగిందో తెలియకపోవడం కూడా ఒక అనుభవమే. 2023 మార్చి 3న కేరళ బ్లాస్టర్స్‌తో ప్లేఆఫ్. తొంభై నిమిషాలు గోల్ లేదు. అదనపు సమయం మొదలైన కాసేపటికి ఫ్రీకిక్ వచ్చింది. కేరళవాళ్లింకా బంతికి అడ్డంగా గోడలా నిలబడుతున్నారు, ఛెత్రీ కొట్టేశాడు, బంతి వలలో పడింది. మేము గంతులేశాం, ఆగాం, మళ్లీ గంతులేశాం. కేరళ పసుపు చొక్కాలు రిఫరీ చుట్టూ చేరాయి, తర్వాత కోచ్ పిలుపుతో జట్టు మొత్తం బయటికి నడిచింది. మైదానంలో మనవాళ్లు మాత్రమే మిగిలారు. గోల్ ఇచ్చారా, మ్యాచ్ రద్దా, రేపు మళ్లీ ఆడతారా? చుట్టూ అంతమంది ఉన్నా ఎవరికీ తెలియదు. కామెంటరీ లేదు. ఇంట్లో టీవీ ముందున్న మా బావ ఫోన్ చేసి “మీరు గెలిచేట్టున్నారు రా, అక్కడే ఉండు” అన్నాడు. చివరికి 1-0తో మనకే ఇచ్చారు, బ్లాస్టర్స్‌కి ఆ తర్వాత ఫెడరేషన్ నాలుగు కోట్ల జరిమానా వేసింది. ఛెత్రీ చేసింది న్యాయమేనా అని ఇప్పటికీ అడుగుతారు. రిఫరీ ఒప్పుకున్నాడు, నిబంధనల్లో ఉంది, నాకు అది చాలు. అయితే అలా గెలవడం మాకంత ఇష్టమేనా అంటే, ఆ రాత్రి మెట్రోలో మా వాళ్లెవరూ పెద్దగా పాడలేదని చెబుతాను.

2025 మార్చిలో ముంబై సిటీ మీద 5-0 అయితే ఏ మచ్చా లేని ఆనందం. అలాంటి రాత్రులు ఏడాదికి ఒకటి దొరికితే ఎక్కువ. 2023-24లో పన్నెండు జట్లలో పదో స్థానం, అప్పుడు కూడా డ్రమ్ముల్లో తేడా రాలేదు. సగం ఖాళీ స్టేడియంలో డ్రమ్ మోత ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

తెలుగువాడివై ఉండి బెంగళూరు జట్టేంట్రా అని హైదరాబాద్ స్నేహితులు దెప్పుతుంటారు. ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లోనే అని గుర్తు చేస్తాను, అది సరదాకి. అసలు సంగతేమంటే నేను ఉండేది ఇక్కడ. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది, అప్పటికే నాకిక్కడ పాటలన్నీ నోటికొచ్చేశాయి. వాళ్లు 2022లో కప్పు గెలిచారు, నిజాయితీగా గెలిచారు. కానీ కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేకుండా ఛాంపియన్లయ్యారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. భారత జట్టు పాత కోచ్ రహీం సాబ్ పుట్టిన ఊరు, ఒలింపిక్స్ ఆడిన బలరాం ఆడిన ఊరు, ఇప్పుడు ఐఎస్‌ఎల్‌లో లేదు. ఓడిపోయినందుకు మేం ఏడ్చాం గానీ, జట్టే ఊరు వదిలి వెళ్లిపోతే ఆ అభిమానులు ఎవరి మీద అలగాలి? అదే ఏడాది ఫెడరేషన్‌కూ, లీగ్ నడిపేవాళ్లకూ మధ్య ఒప్పందం తెగక ఐఎస్‌ఎల్ మొత్తం వాయిదా పడ్డ నెలల్లో నాకు ఆ భయమే పట్టుకుంది. హోమ్ మ్యాచ్ అనేది ఎప్పటికీ ఉండే వస్తువు కాదని అప్పుడు బాగా తెలిసింది.

కొత్తగా వెళ్లేవాళ్లకు కొన్ని సంగతులు. కారు తేకండి. కస్తూర్బా రోడ్, విఠల్ మాల్యా రోడ్ సాయంత్రం ఎలా ఉంటాయో బెంగళూరులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు నుంచి వచ్చేవాళ్లకు పర్పుల్ లైన్ ఉంది, కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి నడిచేయొచ్చు. నీళ్ల సీసా, హెల్మెట్, పవర్ బ్యాంక్ గేటు దగ్గర ఆపేస్తారు, కాబట్టి ఆఫీసు బ్యాగుతో నేరుగా రాకండి. లోపల తిండి మీద ఆశ పెట్టుకోకుండా బయట చురుమురి తినేసి వెళ్లండి. మన బొరుగుల మిక్చరే, కాస్త తీపి ఎక్కువ. అక్టోబరు మ్యాచ్‌లకు రెయిన్‌కోట్ ఉంటే మంచిది. ఈ స్టేడియం సంపంగి చెరువు పూడ్చిన చోట కట్టింది, వాన పడితే చెరువు తన చోటు వెతుక్కుంటూ వస్తుందని మా బ్లాక్‌లో జోకు.

మ్యాచ్ అయిపోగానే బయటికి పరుగెత్తకండి. ఆటగాళ్లు వెస్ట్ బ్లాక్ ముందుకు వచ్చి వరసగా నిలబడతారు, చేతులు పైకెత్తుతారు, ఒక చప్పట్, ఆగడం, మళ్లీ ఒకటి, మెల్లగా మొదలై వేగం అందుకుంటుంది. ఆ దూరం గురించి ఇంతసేపు తిట్టాను కదా, వాళ్లు ట్రాక్ దాటి దగ్గరకొచ్చేది ఆ అయిదు నిమిషాలే. ఓడిన రోజు కూడా వస్తారు, ఆ రోజు కొందరు తలెత్తరు.

మొదటి మ్యాచ్‌గా ఏది ఎంచుకోవాలని అడిగితే, పట్టికలో కింద ఉన్న జట్టుతో వారం మధ్యలో జరిగేదాన్ని చెబుతాను. టికెట్ తేలిగ్గా దొరుకుతుంది, నిలబడటానికి చోటుంటుంది, పాటలు నేర్పేవాళ్లకు ఓపిక ఉంటుంది. కేరళ మ్యాచ్ మాత్రం రెండో ఏడాదికి దాచుకోండి, దానికి టికెట్లు పెట్టిన రోజే కొనేయండి.