ఆరేళ్లుగా నాలుగైదు చోట్ల లెక్కల పని: నా అనుభవం

2019లో హైదరాబాద్ ఉద్యోగం మానేసి భీమవరం వచ్చేశాను. ఇక్కడి చిన్న వ్యాపారాలకి అకౌంట్స్ మేనేజర్ని నెల జీతానికి పెట్టుకునేంత పని ఉండదు. వారానికో రోజు, రెండు రోజులు నేనే వెళ్లి జీఎస్టీ, బ్యాంకు అప్పు లిమిట్, రావాల్సిన బాకీలు చూసిపెడతాను. నెలకింతని మాట్లాడుకుంటాం. దీన్నే ఇప్పుడు ఫ్రాక్షనల్ అంటున్నారు. పని బాగుంటుంది, గౌరవమూ ఉంటుంది. మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లాలని నాకు లేదు.

నేను దెబ్బతిన్నది ఒక్క విషయంలో. అప్పట్లో నేను లెక్కలు చూసేది ఉండిలో రొయ్యల మేత కొట్టు, ఆకివీడులో ఐస్ ఫ్యాక్టరీ, ఏరేటర్లు (చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) బాగుచేసే షాపు, అమెరికాకి సరుకు పంపే ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. నలుగురున్నారు కదా, ఒకరు ఆగినా ముగ్గురిస్తారని ధైర్యంగా ఉన్నాను. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. ప్లాంటు కొనుగోళ్లు తగ్గించింది. దాంతో ఐస్ అడిగేవాళ్లు తగ్గారు, మేత బాకీలు నిలిచిపోయాయి. నలుగురూ బతికేది ఒకే రొయ్య మీదని అప్పుడు తెలిసింది.

సెప్టెంబరులో మేత కొట్టుకి వెళ్తే ఓనరు గారు అరువు పుస్తకం నా ముందు తెరిచారు. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి, "ఈయన ఇంకా చెరువులో రొయ్యలు పట్టలేదండి. ఈయన పట్టాడు గానీ రేటు రాలేదు. మీ డబ్బులెక్కడికీ పోవు, పట్టుబడి అవ్వనివ్వండి" అన్నారు. మాట తప్పే మనిషి కాదు, నవంబరులో మొత్తం ఇచ్చేశారు. ఈలోగా మా అమ్మాయి కాలేజీ ఫీజుకి చిట్టీ పాడాల్సొచ్చింది.

ఆ తర్వాతే మండపేటలో ఒక రైస్ మిల్లు, చించినాడ వంతెన దాటి అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి లెక్కలు ఒప్పుకున్నాను. ప్రయాణం ఎక్కువే. కానీ మిల్లుకి సార్వా, దాళ్వా వరి కోతలప్పుడు పని, కొబ్బరికి దాని లెక్క దానిది. రొయ్య రేటుతో వీళ్లకి పనిలేదు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఒక కంపెనీ నా ఫీజులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టలేదు. రిటర్న్ వేద్దామని 26ఏఎస్ (మన పేరు మీద కట్టిన పన్ను చూపించే పత్రం) తీస్తే రెండు క్వార్టర్లు ఖాళీ! నాలుగు నెలలు తిరిగితే గానీ కట్టలేదు. ఇప్పుడు ప్రతి క్వార్టరుకీ చూసుకుంటున్నాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) మాత్రం తప్పకుండా చేయించుకోండి, పైసా ఖర్చు లేదు. చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలని చట్టం. గడువు దాటితే, ఆ బిల్లు కట్టేదాకా ఆదాయపు పన్ను లెక్కలో డబ్బివ్వాల్సిన వాళ్లకి దాన్ని ఖర్చుగా చూపుకోవడం కుదరదు. మార్చి వచ్చేసరికి వాళ్ల ఆడిటరే నా బిల్లు సంగతి అడుగుతున్నాడు.

ప్లాంటు పని వదల్లేదు, కష్టంలో వదలడం నాకు ఇష్టం లేదు. మొన్న ఒక హేచరీ (రొయ్య పిల్లల్ని తయారుచేసే చోటు) వాళ్లు పిలిచారు. రొయ్యతో సంబంధం లేని వడ్ల వైపు ఇంకొకరి పని కుదిరేదాకా ఆగండని చెప్పాను.