దైవపిలుపు ధ్యానకూటం: మూడు రోజుల అనుభవం

కాజీపేటకు సమీపంలోని ఒక ధ్యానాశ్రమంలో యువతీయువకుల కోసం నిర్వహించిన మూడు రోజుల కథోలిక దైవపిలుపు ధ్యానకూటానికి (దేవుడు తమను ఏ జీవితానికి పిలుస్తున్నాడో తెలుసుకొనే కూటానికి), ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయితో కలిసి నేనూ హాజరయ్యాను. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనంలో (ఒక బిషప్ పాలనలోని కథోలిక సంఘ ప్రాంతంలో) పెరిగిన నాకు, పిలుపు అంటే గురువులకూ (చర్చి ఫాదర్లకూ) మఠకన్యలకూ (సిస్టర్లకూ) మాత్రమే చెందినదన్న భావన చిన్ననాటి నుంచీ ఉండేది.

మొదటి రోజు బోధకులు బైబిల్లోని సమూయేలు కథతోనే ఆ భావనను కదిలించారు. ఆ బాలుడు దేవుని స్వరాన్ని మూడుసార్లు యాజకుడైన ఏలీ పిలుపుగా పొరబడ్డాడనీ, వృద్ధుడైన ఏలీ తోడ్పాటు లేకుంటే ఆ స్వరం ఎవరిదో గుర్తించేవాడు కాడనీ వివరించినప్పుడు, పిల్లలకు ఏలీలుగా ఉండవలసిన తల్లిదండ్రుల బాధ్యత నాకు తొలిసారి అర్థమైంది. పవిత్రతకు పిలుపు అందరిదీ అని కథోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1964లో చాటిన బోధనను ఆధారం చేసుకొని, వివాహాన్నీ నర్సు ఉద్యోగాన్నీ వ్యవసాయాన్నీ కూడా పిలుపులుగా వారు పరిచయం చేయడం నాకు ఎంతో నచ్చింది.

భోజనం, వసతి సాదాసీదాగా, శుభ్రంగా ఉన్నాయి. అయితే మౌనధ్యానానికి కేటాయించిన సమయం చాలా తక్కువ. ప్రసంగాల నడుమ అరగంట దొరకడమే కష్టమైంది. చివరి రోజున, దేవుని సేవకు తమను అంకితం చేసుకుంటామనే సమర్పణ పత్రం మీద సంతకం చేయమని పిల్లలను తొందరపెట్టడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ఇటువంటి నిర్ణయం నెలల తరబడి ప్రార్థనలోనూ, అనుభవజ్ఞుల సలహాలోనూ పండాలి. మా అమ్మాయి సంతకం చేయలేదు. ఆదివారం పూజ ముగిశాక మా విచారణ (స్థానిక చర్చి) గురువుతో నెలకోసారి మాట్లాడుతోంది.