గడ్డకట్టే చలిలో వేగంగా చార్జ్ కావాలంటే ఏ కాథోడ్ మేలు?

లిథియం బదులు ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు, చార్జ్‌ను మోసేది ప్రోటాన్ బ్యాటరీ. అందులో చలిని తట్టుకునే భారం ముందు ఎలక్ట్రోలైట్‌దే, అంటే అయాన్లు కదిలే ద్రవానిదే. 62 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం మైనస్ 80 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది. అయితే అంత చలిలో అది చిక్కబడుతుంది. అప్పుడు ఏ కాథోడ్ (ధన ఎలక్ట్రోడ్) వేగం నిలుపుకుంటుందన్నదే అసలు లెక్క.

ఆ లెక్కలో రాగి-ఇనుము ప్రష్యన్ బ్లూ జాతి పదార్థానిదే పైచేయి. దాని స్ఫటికంలో ఇరుక్కున్న నీటి అణువుల మీదుగా ప్రోటాన్ బంధాలు మార్చుకుంటూ సాగిపోతుంది, ఈదాల్సిన పని లేదు. 2019లో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని 4000సి వేగంతో (1సి అంటే గంటలో పూర్తి చార్జ్, 4000సి అంటే దానికి నాలుగు వేల రెట్ల కరెంటు) నడిపినా గ్రాముకు 49 మిల్లీఆంపియర్-గంటలు దక్కాయి. 1సి దగ్గర వచ్చేది సుమారు 95 మాత్రమే. మాలిబ్డినం ఆక్సైడ్ యానోడ్‌తో (రుణ ఎలక్ట్రోడ్‌తో), ఫాస్ఫారిక్ ఆమ్లంలో మైనస్ 78 డిగ్రీల దగ్గర కూడా ఇది పనిచేసింది.

తయారీ తేలిక. కాపర్ సల్ఫేట్ 3 మోల్‌లకు పొటాషియం ఫెర్రిసైనైడ్ 2 మోల్‌ల లెక్కన, రాగి కాస్త ఎక్కువ ఉండేలా, రెండు ద్రావణాలనూ కలియబెడుతూ చుక్కచుక్కగా కలపాలి. అవక్షేపం నీలంగా కాక పసుపు-గోధుమ రంగులో వస్తే కంగారు పడక్కర్లేదు. కడిగిన నీటిలో రంగు పోయాక 60 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాలి. వాక్యూమ్‌లో గట్టిగా వేడి చేస్తే వేగాన్నిచ్చే ఆ నీరే పోతుంది. వాడేసిన ఎలక్ట్రోడ్‌ను గాఢ ఆమ్లంలో వేడి చేయకూడదు, హైడ్రోజన్ సైనైడ్ వెలువడుతుంది.

మాంగనీస్ డైఆక్సైడ్ కాగితం మీద ఘనంగా కనిపిస్తుంది: రెండు ఎలక్ట్రాన్ల చర్య, గ్రాముకు 616 మిల్లీఆంపియర్-గంటలు. ఇది డిశ్చార్జ్‌లో ద్రావణంలోకి కరిగి, చార్జింగ్‌లో మళ్లీ పూతగా పేరుకుంటుంది. కానీ ఆ అంకెలో ద్రావణం బరువు లేదు. ఒక ఆంపియర్-గంటకు 1 మోలార్ మాంగనీస్ ద్రావణం కనీసం 19 మిల్లీలీటర్లు కావాలి. పైగా చార్జింగ్‌లో మాంగనీస్ అయాన్లు గ్రాఫైట్ ఫెల్ట్ (పూత పేరుకునే కార్బన్ పీచు గుడ్డ) దాకా నడిచి రావాలి. చిక్కటి చల్లటి ద్రవంలో అక్కడే ఆలస్యం. పూత మందమైతే పెచ్చులూడి అడుగున పడుతుంది, ఆ సామర్థ్యం మళ్లీ తిరిగి రాదు. వేగం కన్నా నిల్వ ముఖ్యమైన చోటే ఇది ఎంచుకోదగ్గది.

మూడోది టెట్రాక్లోరోబెంజోక్వినోన్ అనే సేంద్రియ పదార్థం. ఇందులో లోహం ఉండదు, సిద్ధాంతపరంగా గ్రాముకు 218 మిల్లీఆంపియర్-గంటలు ఇస్తుంది. విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వదు కనుక కార్బన్ 30 శాతం దాకా కలపక తప్పదు. కరిగించే ద్రావకంతో పేస్టు చేయకుండా, టెఫ్లాన్ బైండర్‌తో పిసికి పలుచటి షీటుగా ఒత్తితే నయం.

మూడింటిలో దేనికైనా కరెంటును బయటికి తీసుకెళ్లే ఆధారంగా అల్యూమినియం, రాగి రేకులు ఆమ్లంలో పనికిరావు. టైటానియం గానీ కార్బన్ పేపర్ గానీ వాడాలి. ఎవరైనా వేగం అంకెలు చూపిస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు పూశారో ముందు అడగండి. ఒకటి రెండు మిల్లీగ్రాముల దగ్గర దాదాపు అన్నీ పరుగెడతాయి, పది దగ్గరే తేడా తెలుస్తుంది.