మడ అడవికి ముందు ఏది: కొలతలా, మొక్కలా?

ఫ్యాక్టరీ పక్కన మడ అడవి ఉంటే యాజమాన్యం చేయగలిగిన పనులు ముఖ్యంగా రెండు. ఒకటి, బయటికి వదిలే నీటిని నిరంతరం కొలవడం. రెండోది, ఉద్యోగులను తీసుకెళ్లి మొక్కలు నాటించడం. రెండూ కావాలి. ముందు ఏదంటే మాత్రం నా ఓటు కొలతలకే.

కారణం వేర్లలో ఉంది. తెల్లమడ చెట్టు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేర్లతో గాలి పీలుస్తుంది. వాటి సన్నని రంధ్రాలను నూనె తెట్టు మూసేస్తే బాగా ఎదిగిన చెట్టు కూడా చచ్చిపోతుంది. నూనె, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్ చూసే సెన్సర్లు నీటిలో తేడాను నిమిషాల్లో పట్టిస్తాయి. నీటిలోని కుళ్లే వ్యర్థాలు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చూసే మామూలు బీఓడీ పరీక్షకైతే 3 నుంచి 5 రోజులు ఆగాలి. కాకపోతే సెన్సర్‌కి నాచు పట్టిందంటే అంకెలు తప్పుతాయి, తుడిచి సరిచూసే మనిషి ఉండాల్సిందే.

వాలంటీర్ల పని తక్కువదేమీ కాదు. పోటు నీళ్లు ఎక్కువసేపు నిలిచే చోట నాటితే మొక్క బతకదు. అందుకే హడావిడిగా నాటడం కన్నా ప్లాస్టిక్ ఏరడం, పూడిన కాలువలు తెరవడం, బతికిన మొక్కల్ని ఏటా లెక్కపెట్టడం మేలు. పైగా ఎండుతున్న కొమ్మ ఒడ్డున తిరిగే ఉద్యోగి కంట పడుతుంది, సెన్సర్‌కి అందదు. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే కొలతలకు పెట్టండి, ఆ అంకెలు వాలంటీర్లకూ చూపించండి.