గ్రీన్ టీనా, పాల టీనా?

బెజవాడ బీసెంట్ రోడ్డులో షాపింగ్ ముగించి టీ బండి దగ్గర ఆగితే చేతికొచ్చేది అల్లం దంచి వేసిన పాల టీ. గ్రీన్ టీ చాలావరకు ఇంట్లో పెట్టుకునేదే. నిజానికి రెండూ ఒకే మొక్క ఆకులు. పాల టీ ఆకును నలిపి, గాలికి నల్లబడనిస్తారు. గ్రీన్ టీ ఆకుకు కోసిన కాసేపటికే వేడి తగిలించి ఆ మార్పును ఆపేస్తారు. అందుకే దానిలో కాటెచిన్లు అనే యాంటీఆక్సిడెంట్లు ఎక్కువ మిగులుతాయి.

చర్మం సంగతికొస్తే గ్రీన్ టీదే పైచేయి, అదీ కొంతవరకే. దాని సారం కలిపిన క్రీములు మొటిమలు, జిడ్డు కాస్త తగ్గిస్తాయని చిన్న అధ్యయనాల్లో తేలింది. తాగితే ముఖం తెల్లబడుతుందన్నది మాత్రం ఉత్త మాట. మే నెల బెజవాడ ఎండకు గొడుగు, సన్‌స్క్రీన్ తప్పవు.

బరువు తగ్గడమంటారా, గ్రీన్ టీతో వచ్చే తేడా స్వల్పం. పాల టీలో పంచదార మానేసినా లాభమే, కాకపోతే మనవాళ్లకు అదే కష్టం! కెఫీన్ గ్రీన్ టీలో కాస్త తక్కువ, అసలు లేకపోలేదు. చేదని వదిలేసినవాళ్లు మరిగే నీళ్లు కాకుండా 80 డిగ్రీల నీళ్లు పోసి, రెండు నిమిషాలకే ఆకు తీసేసి చూడండి. రక్తహీనత ఉంటే ఏ టీ అయినా భోజనంతో పాటు వద్దు, ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు.