డచ్ సమాసాలు: విరుపును నమ్మాలా, ఊనికను నమ్మాలా?

డచ్‌లో సమాసాన్ని ఖాళీ లేకుండా ఒకే పదంగా రాస్తారు. అర్థం పట్టుకోవడానికి రెండు ఆధారాలు: పదం ఎక్కడ విరుగుతుంది, ఊనిక, అంటే పలికేటప్పటి నొక్కు, ఏ అక్షరం మీద పడుతుంది.

కాగితం మీద విరుపుదే పైచేయి. వరుస చివర పదాన్ని విడగొట్టాల్సి వస్తే భాగాల హద్దును పాటించాలని నియమం. చిక్కల్లా హద్దు రెండు చోట్ల కుదిరినప్పుడే. ‘క్వార్ట్‌స్లాఖెన్’ను ‘క్వార్ట్’ దగ్గర విరిస్తే పావు మలుపులు, ‘క్వార్ట్స్’ దగ్గర విరిస్తే క్వార్ట్జ్ శిల పొరలు. ఊనిక రెండింటిలోనూ మొదటి అక్షరం మీదే కాబట్టి చెవి ఇక్కడ పెద్దగా ఆదుకోదు.

‘మసాజ్ మంచం’ (డచ్‌లో massagebed) కథ వేరు. అవే అక్షరాలను ‘మస్సా’ దగ్గర విరిస్తే సామూహిక ప్రార్థన అవుతుంది! మంచమైతే ఊనిక రెండో అక్షరం మీద, ప్రార్థనైతే మొదటిదాని మీద. పైగా మధ్యలోని ‘జి’ అక్షరం మొదటి దాంట్లో ఫ్రెంచి పద్ధతిలో మెత్తగా, రెండో దాంట్లో గొంతు గీరుకున్నట్టు పలుకుతుంది. ఇక పొరపాటుకు తావెక్కడ?

సమాస నామాల్లో ఊనిక సాధారణంగా మొదటి భాగానిదే; నగర భవనమనే ‘స్టాట్‌హౌస్’ లాంటివి ఎదురు తిరుగుతాయి. అందుకే నామాలకు నేను ముందు విరుపునే చూస్తాను.

క్రియల్లో మాత్రం ఊనికే రాజు. ‘వోర్‌కోమెన్’లో ‘వోర్’ను నొక్కితే జరగడం, ‘కో’ను నొక్కితే నివారించడం. మొదటి దాంట్లో ‘వోర్’ వాక్యంలో విడిపోయి చివరికి వెళ్తుంది, రెండో దాంట్లో అతుక్కునే ఉంటుంది. తికమక వస్తుందనుకుంటే డచ్‌వారు నొక్కే అచ్చు మీద చిన్న గీత పెడతారు.