ఫెక్సోఫెనడిన్ 180 మి.గ్రా.: సైకోసిస్ మందులు వాడేవారికి పనికొస్తుందా?

అలర్జీతో వచ్చే తుమ్ములకు, దురదకు రోజుకు ఒక్క మాత్ర. మెదడులోకి దాదాపు చేరదు కాబట్టి సైకోసిస్‌కు (లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బుకు) వాడే ఒలాంజపిన్, క్వెటియాపిన్ తెచ్చే మత్తుకు ఇంకో మత్తు తోడవదు. దీని అసలు బలం ఇదే. మరో అలర్జీ మందు సెటిరిజిన్ 10 మి.గ్రా. అయితే కొందరికి తూగు తెస్తుంది.

పాతకాలపు అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్ సంగతి వేరు, దాని జోలికే పోకండి. సైకోసిస్ మందు క్లోజపిన్‌తో కలిస్తే మలబద్ధకం ముదిరి పేగు మూసుకుపోవచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. పైగా మందులను విడగొట్టే సీవైపీ2డీ6 అనే కాలేయ ఎంజైమును అడ్డుకుని, రక్తంలో రిస్పెరిడోన్ అనే సైకోసిస్ మందు స్థాయిని పెంచగలదు. ఇంకో పాత అలర్జీ మందు హైడ్రాక్సిజిన్‌కు సైకోసిస్ మందులైన జిప్రాసిడోన్ గానీ హాలోపెరిడాల్ గానీ తోడైతే గుండె లయ తప్పే ముప్పుంది.

ఫెక్సోఫెనడిన్‌కూ పేచీలున్నాయి. పండ్లరసంతో మింగితే సరిగా ఒంటబట్టదు, నీళ్లతోనే వేసుకోవాలి. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి. ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ కలిపిన రకం మాత్రం వద్దు: నిద్ర చెడుతుంది, భ్రమలు రేగొచ్చు.